తెల్లారేసరికి పొగమంచు కమ్ముతుందేమో రాత్రే శాటిలైట్‌లో చూడటం ఎలా?

ఓ జనవరిలో గుంటూరు నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకు తెల్లవారుజామునే బయలుదేరాను. ఇంటి ముందు ఆకాశం నిండా చుక్కలు. మంగళగిరి దాటాక ముందున్న లారీ ఎర్ర లైట్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. అప్పటినుంచి కారు తీసే ముందు శాటిలైట్ బొమ్మ చూడటం అలవాటైంది.

ముందుగా భారత వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఇన్‌శాట్ బొమ్మలు తెరవండి. విజిబుల్ బొమ్మ రాత్రిపూట నల్లగా ఉంటుంది, వదిలేయండి. మామూలు ఇన్‌ఫ్రారెడ్ బొమ్మతోనే చిక్కు. అది పట్టేది వేడిని. పొగమంచు నేలకు అంటుకునే ఉంటుంది కాబట్టి దాని వేడి, నేల వేడి దాదాపు ఒకటే. బొమ్మలో మబ్బే లేనట్టు ఉంటుంది. నేనూ చాలాసార్లు మోసపోయాను.

అందుకే 'నైట్ మైక్రోఫిజిక్స్' అనే రంగుల బొమ్మ ఎంచుకోండి. మంచులోని సన్నటి నీటి బిందువులు 10.8 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వేడిని బాగానే వెదజల్లుతాయి, 3.9 దగ్గర తక్కువగా. అంటే 3.9 తరంగాలను పట్టే చానెల్‌లో మంచు అసలు కంటే చల్లగా కనిపిస్తుంది. ఉత్త నేలకు ఈ తేడా పెద్దగా ఉండదు. ఆ తేడానే బొమ్మలో ఆకుపచ్చగా చూపిస్తారు. కృష్ణ పక్కన లేత ఆకుపచ్చ, నీలం కలిసిన మరక ఉందంటే అనుమానించండి.

బొమ్మ మీద టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటే అయిదున్నర గంటలు కలపండి. 21:30 అంటే మనకు తెల్లవారుజామున 3 గంటలు, తేదీ కూడా మారిపోతుంది.

తర్వాత వరసగా నాలుగైదు బొమ్మలు తిప్పి చూడండి. మబ్బైతే గాలికి సాగిపోతుంది, పొగమంచు ఉన్నచోటే మెల్లగా పరుచుకుంటుంది. పైన ఎత్తు మబ్బులుంటే కింద ఏముందో తెలియదు. బొమ్మలో ఒక్కో చుక్క (పిక్సెల్) సుమారు 4 కిలోమీటర్లు కాబట్టి ఏటి ఒడ్డున సన్నగా పట్టిన మంచు తప్పించుకుంటుంది. సూర్యోదయమయ్యాక ఈ లెక్క పనిచేయదు, ఎండ కూడా 3.9లో కలిసిపోతుంది.

ఆ మరక నేల మీద ఉందో, నాలుగు వందల అడుగుల పైన ఉందో శాటిలైట్ చెప్పలేదు. దానికి గన్నవరం మెటార్, అంటే ఎయిర్‌పోర్టు ఇచ్చే వాతావరణ రిపోర్టు చూడాలి, ఎయిర్‌పోర్టు కోడ్ వీవోబీజెడ్. అందులో బీఆర్ అంటే పలచటి మంచు, నెమ్మదిగా వెళ్ళొచ్చు. ఎఫ్‌జీ అంటే కిలోమీటరు లోపే కనిపిస్తుంది. అప్పుడు విమానమూ ఆలస్యం కావచ్చు, కనకదుర్గ వారధి మీద తొందరపడి చేసేదేం లేదు.