కథ రాద్దాం రండి – 6వ పాఠం: అరువు తెచ్చుకున్న పాత్ర

పోయిన పాఠంలో మీకో పని ఇచ్చాను గుర్తుందా? నచ్చిన నవలలోంచి ఒక పాత్రను తీసుకుని, ఆ మనిషి మీ ఊరి బస్టాండులో దిగితే ఏం జరుగుతుందో ఒక పేజీ రాయమన్నాను. మిర్యాలగూడ నుంచి, వనపర్తి నుంచి, అచ్చంపేట నుంచి పేజీలు వచ్చాయి, ఒకటి రెండు చదువుతుంటే నాకు కుళ్లు కూడా పుట్టింది. కానీ వాటితోపాటు ఒకటే అనుమానం రకరకాలుగా వచ్చింది. ఇది దొంగతనం కాదా అని ఒకరు, పేరు మారిస్తే సరిపోతుందా అని ఒకరు, రచయిత పోయారు కదా ఇంకెవరు అడుగుతారు అని ఇంకొకరు. అందుకని సంభాషణల పాఠం వచ్చే వారానికి జరిపేశాను. ఈ వారం ఫ్యాన్ ఫిక్షన్, అంటే ఒకరి కథలోని పాత్రలతో అభిమానులు అల్లుకునే కథలు, రాసేవాళ్ల మంచీచెడూ చూద్దాం.

పాత్ర అంటే మన భాషలో గిన్నె కూడా. పక్కింటి నుంచి గిన్నెలో పచ్చడి వస్తే ఆ గిన్నెను ఖాళీగా పంపరు, మా అమ్మయితే ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా పోసి పంపేది. స్టీలు సామాను మీద పేరు కొట్టించుకోవడం కూడా మనకు అలవాటే, పెళ్లికి పోయిన గిన్నె మళ్లీ ఇల్లు చేరాలి కదా. ఒకరి పాత్రతో కథ రాయడమూ ఇంతే. గిన్నె మీద పేరు గీకేయొద్దు, ఖాళీగా తిరిగి ఇవ్వొద్దు.

ముందు నా తప్పు చెప్పుకుంటా. నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక వారపత్రికలో వచ్చే సీరియల్ అంటే నాకు పిచ్చి. అది ముగిసిన తీరు నచ్చక, నాయిక చనిపోయినట్టు నేనే ఇంకో ముగింపు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆ నోట్‌బుక్ దొరికితే టైప్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పైన నవల పేరు, రచయిత్రి పేరు, కింద 'అసలు ముగింపు' అని. నా పేరు పెట్టుకోవడానికి సిగ్గేసింది, అదే కొంప ముంచింది. ఆ మెసేజ్ గ్రూపులు తిరిగి తిరిగి చివరికి ఆవిడ దగ్గరికే పోయింది. ఎవరెవరినో అడిగి నా నంబరు పట్టుకుని ఫోన్ చేశారు, నేనప్పుడు గడియారం సెంటర్‌లో ఉన్నాను. తిట్టలేదు. "ఏం బిడ్డా, ఆ పిల్లను బతికించుకునేటందుకు నేను మూడు నెలలు తండ్లాడిన, నువ్వు రెండు పేజీలల్ల చంపేసినవ్. చంపితే చంపినవ్, నా పేరు మీద ఎందుకు చంపినవ్?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆవిడ మాటను మళ్లీ చదవండి. కథను పొడిగించానని ఆవిడకు కోపం లేదు. తను రాయని మాట తన నోట్లో పెట్టానని బాధ. అందుకే ఈ పాఠంలో మొదట నేర్చుకోవాల్సింది ముందుమాట రాయడం. 'అభిమానంతో' అని ఒక ముక్క రాసి వదిలేస్తే కుదరదు. ఇలా రాయండి: "ఈ కథలోని ఫలానా పాత్ర, ఫలానా వారి ఫలానా నవలలోది. ఆ నవల ముగిసిన ఆరు నెలలకు జరిగినట్టుగా ఇది నేను ఊహించి రాశాను. మూల రచయితకు దీంతో సంబంధం లేదు. దీన్ని అమ్మడం లేదు." కింద మీ పేరు. ఇదే మాట కథ చివర కూడా ఒక వాక్యంలో పెట్టండి, ఎందుకంటే ఫార్వర్డ్ చేసేవాళ్లు ముందు ఎగరగొట్టేది పై నాలుగు లైన్లే. కథకు 'రెండో భాగం' లాంటి పేరు వద్దు, అసలు పుస్తకం అట్టబొమ్మ అసలే వద్దు.

"మన రామాయణాలన్నీ ఫ్యాన్ ఫిక్షనే కదా సార్" అని ఒకరు రాశారు. ఈ మాట నేనూ చాలాచోట్ల వాడుకున్నాను, సగం నిజం కూడా. గోన వంశం ఏలిన వర్ధమానపురం ఎక్కడో లేదు, నాగర్‌కర్నూల్ దగ్గరి వడ్డెమానే. ఆ వంశపు గోన బుద్ధారెడ్డి పేరు మీద ఉన్న రంగనాథ రామాయణంలో వారధికి సాయం చేసిన ఉడత ఉంది, వాల్మీకిలో ఆ ఉడత లేదు. మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడేటప్పుడు హనుమంతుడు లంకకు పోయే ముందు ఊరి సర్పంచ్ మీద ఒక జోకు వేయకుండా కదలడు. కానీ ఒకటి చూడండి. అక్కడ కూర్చున్న ముసలమ్మకు అసలు కథ తెలుసు, సర్పంచ్ జోకు వాల్మీకిది కాదనీ తెలుసు, ఎవరూ మోసపోవడం లేదు. పైగా ఆ కథ మీద ఏ ఒక్కరి ఇల్లూ నడవడం లేదు. బతికున్న రచయిత నవల అలా కాదు, దాని మీద ఆ మనిషికి నాలుగు రూపాయలు రావాలి, పేరు నిలబడాలి. కాబట్టి ఉడతను చూపించి తప్పించుకోవద్దు.

చట్టం సంగతి టూకీగా. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రచయిత చనిపోయిన సంవత్సరం తర్వాత వచ్చే జనవరి 1 నుంచి లెక్కపెట్టాలి. పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన రచనల మీద హక్కు 2013 చివరితో తీరింది. నల్లగొండ జిల్లావారైన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు, అది 2021 చివరితో తీరింది. దాశరథి రంగాచార్య 2015లో పోయారు, అంటే 2075 చివరి దాకా ఆగాలి. ఇతివృత్తం మీద, ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదని 1978లో సుప్రీంకోర్టు ఒక నాటకం, సినిమా తగాదాలో తేల్చింది, హక్కంతా దాన్ని చెప్పిన తీరు మీదే. ఇదే చట్టంలో సెక్షన్ 57 కూడా ఉంది: రచయిత తన హక్కులు అమ్ముకున్నా సరే, రచనను తన పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకోవచ్చు. డబ్బులు తీసుకోలేదు కాబట్టి ఏమీ కాదు అనుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

బతికున్నవాళ్లయితే అడగండి. హ్యారీ పోటర్ రచయిత్రి రౌలింగ్ అమ్ముకోనంత వరకు అభిమానుల కథలకు అడ్డు చెప్పలేదు, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన జార్జ్ మార్టిన్‌కు మాత్రం తన పాత్రలను ఇంకొకరు ముట్టుకుంటే ఇష్టం ఉండదు, ఇద్దరిదీ వాళ్ల వాళ్ల ఇష్టమే. మన తెలుగు రచయితలైతే పుస్తకం వెనకే ఫోన్ నంబరు ఇస్తారు, ఇంకేం కావాలి. అడిగితే వద్దంటారేమో అని అడగకుండా ఉండేవాళ్లకు జవాబు ముందే తెలుసన్నమాట. వద్దంటే రాసుకుని మీ దగ్గరే ఉంచుకోండి, చేయి తిరగడానికి అదీ పనికొస్తుంది.

ఇక గిన్నె ఖాళీగా ఇవ్వకపోవడం. ఇది చట్టం చూడదు, మనమే చూసుకోవాలి. రాసిన పేజీలో అరువు పేర్లన్నీ పెన్నుతో కొట్టేయండి, మిగిలింది చదవండి. మీరు చూసిన ఊరు, మీరు విన్న మాట, మీకు తట్టిన ప్రశ్న ఏదైనా మిగిలిందా? 'ఫిఫ్టీ షేడ్స్' అనే ఇంగ్లిష్ నవల మొదట 'ట్వైలైట్' అనే ఇంకో నవల మీద అభిమాని కథగా మొదలై, పేర్లు మార్చుకుని పుస్తకంగా అమ్ముడుపోయింది. పేరు మార్చడం నిమిషం పని, మీ సరుకు ఎంతుందన్నదే లెక్క.

వచ్చిన పేజీల్లో ఒకటి ఈ పరీక్షలో పడిపోయింది, అదీ నేను ఊహించని చోట. ఒక కోస్తా నవల నాయిక మహబూబ్‌నగర్ బస్టాండులో దిగింది. ఆమెను ఎంతో మర్యాదగా, పాత నవలలో ఉన్నట్టే రాశారు. కానీ ఆమె సామాను మోసిన హమాలీ ఉన్నాడు చూడండి, వాడి పాలమూరు మాటంతా నవ్వించడానికే. మూలరచయితను గౌరవించి మన ఊరి మనిషిని జోకర్‌ను చేశారు. రాసినవాళ్లది కూడా పాలమూరే, అదీ నా బాధ. ఆ హమాలీతో ఆమె ఒక్క నిమిషం నిజంగా మాట్లాడి ఉంటే ఆ పేజీ ఎక్కడికో పోయేది. మళ్లీ రాయండి, ఈసారి వాడి వైపు నుంచి.

సినిమా హీరోలు, క్రికెటర్ల మీద రాయొచ్చా అని కూడా అడిగారు. హీరో వేసిన వేషం వేరు, హీరో వేరు. నిజం మనిషికి ఇల్లుంది, పిల్లలున్నారు, వద్దు.

ఈ వారం పని: హక్కు తీరిన రచన ఒకటి ఎంచుకోండి, తోచకపోతే ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' తీసుకోండి. అందులో ఇలా వచ్చి అలా పోయే మనిషిని ఒకరిని పట్టుకుని, ఆ మనిషి సాయంత్రం ఇంటికి పోయాక ఏం జరిగిందో రెండు పేజీలు రాయండి. పైన ముందుమాట తప్పనిసరి. పేర్లు కొట్టేసిన ప్రతి కూడా జతచేసి శనివారంలోగా పంపండి, నేను ముందు దాన్నే చదువుతాను.