హైబ్రిడ్ కారులో చిన్న బ్యాటరీ: మార్చాలా, ఛార్జి పెడితే చాలా?

మామూలు పెట్రోలు కారులో బ్యాటరీ వీకైతే చెవికే తెలిసిపోతుంది, సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. టొయోటా ప్రియస్, క్యామ్రీ లాంటి ఫుల్ హైబ్రిడ్‌లలో ఆ చప్పుడే ఉండదు. అక్కడ ఇంజిన్ని తిప్పేది పెద్ద బ్యాటరీతో నడిచే మోటారు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ కంప్యూటర్లను మేల్కొలిపి, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలను (కరెంటుతో పనిచేసే స్విచ్చులను) పనిచేయిస్తుంది, అంతే. అందుకు కొద్దిపాటి కరెంటు చాలు కనుక, సగం చచ్చిన బ్యాటరీతో కూడా కారు నెలల తరబడి తిరుగుతుంది. తర్వాత ఒక పొద్దున ఉన్నట్టుండి మొరాయిస్తుంది.

పవర్ బటన్ నొక్కగానే డాష్‌బోర్డు లైట్లు మిణుకుమనడం, టకటకమని రిలే చప్పుడు, ఒకదానికొకటి సంబంధం లేని వార్నింగ్ లైట్లు ఒక్కసారిగా వెలగడం, గడియారం మొదటికి రావడం, కారు కదలడానికి సిద్ధమని చెప్పే ‘రెడీ’ లైటు రాకపోవడం: ఇవన్నీ వోల్టేజి పడిపోయిందనడానికి గుర్తులు. బ్యాటరీ పాడైందనడానికి మాత్రం ఇవి చాలవు. లోపలి లైటు ఆర్పడం మరిచినా, మూడు వారాలు ఊరెళ్లి వచ్చినా ఇలాగే ఉంటుంది. ఛార్జి చేయకుండా తీర్పు చెప్పకండి.

డిక్కీలో బ్యాటరీ ఉండే ప్రియస్‌లలో సాధారణంగా ఏజీఎం రకం (యాసిడ్‌ను గాజుపీచు పొరల్లో ఇంకించిన సీలు బ్యాటరీ) ఉంటుంది. మీదీ అదే అయితే ఏజీఎం సెట్టింగు ఉన్న ఛార్జరుతో, నాలుగైదు ఆంపియర్లు మించకుండా నిండా ఛార్జి చేయండి. అరగంట డ్రైవింగుతో పూర్తిగా దిగిన బ్యాటరీ నిండదు. తర్వాత నెగటివ్ తీగ విప్పి రాత్రంతా వదిలేయండి. బ్యాటరీ డిక్కీలో ఉంటే డిక్కీ మూయకండి, ప్రియస్‌లో అది తెరుచుకోవడానికీ కరెంటే కావాలి!

పొద్దున మల్టీమీటరులో 12.7 వోల్టులు, ఆపైన ఉంటే సరే. 12.4 కన్నా దిగితే బ్యాటరీ ఛార్జి నిలుపుకోవడం లేదు. విప్పి ఉంచినప్పుడు బాగానే ఉండి, తగిలించి ఉంచిన రాత్రి మాత్రం దిగిపోతుంటే తప్పు బ్యాటరీది కాదు. కారులో ఏదో కరెంటు తాగుతోంది. విడిగా పెట్టించిన డాష్‌క్యామ్ వైరింగుతో మొదలుపెట్టి వెతకండి.

వోల్టేజి బాగున్నా లోడు పెట్టి చూడాలి. తీగ తగిలించి, బ్రేకు తొక్కకుండా పవర్ బటన్ రెండుసార్లు నొక్కండి. కారు ‘ఆన్’ అవుతుంది కానీ ‘రెడీ’లోకి వెళ్లదు. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి నిమిషం పాటు మీటరు చూడండి. 12 పైన నిలబడితే ఇంకొంతకాలం వాడుకోవచ్చు. 11.5 కన్నా జారితే మార్చాల్సిందే. మధ్యలో ఉంటే నెల తర్వాత మళ్లీ చూడండి, అది వేసవి ముందైతే మార్చడమే మేలు. ఎండకు బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, రెంటచింతల ఎండల్లో తిరిగే కారుకు ఐదేళ్ల లెక్క పెట్టుకోకూడదు.

చాలామంది పొరబడేది ఒక్కచోట. కారు ‘రెడీ’లో ఉండగా కొలిచి, 14 వచ్చింది కదా అని ఊరుకుంటారు. అది బ్యాటరీది కాదు, పెద్ద బ్యాటరీ నుంచి దీన్ని ఛార్జి చేసే కన్వర్టరు వోల్టేజి. ఆ కొలత కన్వర్టరుని పరీక్షించడానికే పనికొస్తుంది. సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా అదీ దిగిపోతుంది.

మార్చేటప్పుడు కారు ఆపేసి, తాళం దూరంగా పెట్టి, కొన్ని నిమిషాలు ఆగి ముందు నెగటివ్ విప్పండి. బిగించేటప్పుడు అది చివర. నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకండి, అవి పెద్ద బ్యాటరీ హై వోల్టేజివి. డిక్కీలో పెట్టే బ్యాటరీకి గాలిగొట్టం ఉంటుంది, ఛార్జింగులో పుట్టే హైడ్రోజన్ బయటికి పోవడానికి. దాన్ని కొత్తదానికి తప్పకుండా తగిలించండి. సైజు కుదిరింది కదా అని చౌకలో దొరికే మామూలు నీళ్ల బ్యాటరీ అక్కడ పెడితే ఆ వాయువు, యాసిడ్ వాసన కారులోకే వస్తాయి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే పోయేది ఫ్యూజు ఒక్కటే కాకపోవచ్చు, కన్వర్టరుకూ ముప్పే. అంతా అయ్యాక పవర్ విండోల ఆటో మోడ్ పనిచేయకపోతే కంగారుపడకండి, మాన్యువల్‌లో చెప్పినట్టు మళ్లీ సెట్ చేస్తే వచ్చేస్తుంది.