ఈవీఎం సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ మన బూత్ దాకా వచ్చిందో లేదో చూసుకోవడం ఎలా

వచ్చే ఎన్నికల్లో ఏ పార్టీ తరఫునైనా సరే, పోలింగ్ ఏజెంట్‌గా కూర్చోబోయే కందుకూరు, కొండపి, ఒంగోలు వైపు కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నా. 2024 మే 13న నేను కందుకూరు దగ్గర ఒక ఊరి బడిలో ఏజెంట్‌గా కూర్చున్నా. సాయంత్రం ఇచ్చిన 17సీ ఫారం (పోలైన ఓట్ల లెక్క, మెషిన్ నంబర్లు రాసే కాగితం) మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి చూస్తే, వీవీప్యాట్ (వేసిన ఓటుకి చీటీ చూపించే మెషిన్) నంబరు రాయాల్సిన చోటు ఖాళీ. ఫలితాలొచ్చాక ‘మన బూత్‌లో మెషిన్ మార్చారంట’ అని ఒకాయన అంటే, అవునో కాదో తేల్చి చెప్పలేకపోయా. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ముందు సర్టిఫికెట్ దేనికిస్తారో తెలుసుకోండి. ఈవీఎంలు తయారుచేసేది రెండే సంస్థలు, బెంగళూరులోని బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్). వాటి సాఫ్ట్‌వేర్‌ని తయారీదారులు కాకుండా విడిగా పరీక్షించేది ఎస్‌టీక్యూసీ, అది కేంద్ర ఐటీ శాఖ కింద ఉండే విభాగం. అక్కడ ఓకే అయిన ప్రోగ్రామ్‌ని ఫ్యాక్టరీలో చిప్‌లోకి ఒక్కసారే ఎక్కిస్తారు, తర్వాత మార్చడానికి వీలుండదని ఎన్నికల సంఘం చెప్తుంది. సోర్స్ కోడ్‌ని స్వతంత్రంగా ఆడిట్ చేయించాలన్న పిటిషన్‌ని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి కోడ్ మన కంటికి కనపడదు. తయారుచేసేవాళ్లూ, పరీక్షించేవాళ్లూ ఇద్దరూ ప్రభుత్వం వాళ్లే అయినప్పుడు కనీసం పరీక్ష రిపోర్టైనా జనం ముందు పెట్టాలనేది నా గట్టి అభిప్రాయం.

అయితే ఇక్కడే అసలు విషయం ఉంది. ల్యాబ్‌లో పాసైంది నమూనా, మన బూత్‌కి వచ్చింది వేరే పెట్టె. కందుకూరు పొగాకు వేలంలో ఒక బేలు చూసి మిగతావన్నీ అదే గ్రేడ్ అంటే రైతూ ఒప్పుకోడు, కొనేవాడూ ఒప్పుకోడు, ప్రతి బేలుకీ దాని చీటీ ఉండాల్సిందే. మెషిన్‌కి ఆ చీటీ దాని నంబరే. నమూనాకీ మన బూత్ మెషిన్‌కీ మధ్య లంకె ఎక్కడా తెగలేదని చూడటమే ఏజెంట్ పని.

మొదటి అడుగు ఎన్నికలకి చాలా ముందే పడాలి. జిల్లాలో మొదటి దశ తనిఖీ జరుగుతుంది, ఎఫ్ఎల్‌సీ అంటారు. కంపెనీ ఇంజినీర్లు ఒక్కో మెషిన్ చూసి, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌కి గులాబీ రంగు పేపర్ సీల్ వేస్తారు, దాని మీద పార్టీల ప్రతినిధులు సంతకం పెట్టొచ్చు. పార్టీలకి కబురు వస్తుంది గానీ చాలాసార్లు ఎవరూ పోరు. మీ పార్టీ వాళ్లని అడిగి మీరే పోండి.

పోలింగ్ రోజు మాత్రం ఆలస్యం చేయొద్దు. పోలింగ్ 7 గంటలకైతే మాక్ పోల్, అంటే ఉత్తుత్తి ఓట్లేసి మెషిన్‌ని పరీక్షించడం, 5:30కే మొదలవుతుంది. ఫోన్ లోపలికి రానివ్వరు కాబట్టి చిన్న నోట్‌బుక్, రెండు పెన్నులు తీసుకెళ్లండి. కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో కలిపి ప్రతి బటన్ నొక్కాలి. వీవీప్యాట్ అద్దం వెనక లైటు వెలిగి చీటీ కనపడుతుంది, దాని మీద వరస నంబరు, పేరు, గుర్తు ఉంటాయి, 7 సెకన్లు ఆగి తెగి కింద డబ్బాలో పడుతుంది. ఆ ఏడు సెకన్లూ కన్ను పక్కకి తిప్పొద్దు. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో గీతలు గీసుకుని, తర్వాత కంట్రోల్ యూనిట్ రిజల్ట్‌తోనూ, చీటీల లెక్కతోనూ పోల్చండి. మూడూ కలిస్తేనే సరేననండి. ఆ తర్వాత క్లియర్ నొక్కి మాక్ ఓట్లు చెరిపేశారా, మాక్ చీటీలన్నీ బయటికి తీసి డబ్బా ఖాళీ చేసి చూపించారా అనేది కూడా చూడాలి, హడావుడిలో దీన్నే మర్చిపోతారు.

సాయంత్రం 17సీ ఫారం తీసుకునేటప్పుడు నేను చేసిన తప్పు చేయొద్దు. కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్ (ఓటు బటన్లుండే పెట్టె), వీవీప్యాట్ మూడింటి నంబర్లూ, మొత్తం ఓట్లూ, సీల్ నంబర్లూ అక్కడే నిలబడి మెషిన్ మీదున్న వాటితో సరిచూడండి. ఖాళీ కనపడితే ‘సార్, ఇది కూడా రాయండి’ అని మర్యాదగానే అడగండి, రాసిందాకా కదలొద్దు. పార్లమెంటు, అసెంబ్లీ కలిపి జరిగితే మెషిన్లు రెండు సెట్లు, ఫారాలూ రెండు.

ఫలితం మీద అనుమానముంటే దారి ఉంది గానీ ఇరుకైనది. 2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా అడిగితే, అసెంబ్లీ సెగ్మెంట్‌కి 5 శాతం మెషిన్లలో చిప్ మెమరీని పరిశీలిస్తారు. ఆ ఏడాది ఒక్కో సెట్‌కి జీఎస్టీతో కలిపి 47,200 రూపాయలు కట్టాల్సి వచ్చింది, తేడా తేలితే డబ్బు తిరిగిస్తారు. మన ఒంగోలు అసెంబ్లీలోనే 12 పోలింగ్ కేంద్రాల మెషిన్ల మీద అలా అర్జీ పడింది. పరిశీలించేది మళ్లీ తయారీ సంస్థ ఇంజినీర్లే, దీన్ని స్వతంత్ర తనిఖీ అనడానికి నాకు మనసొప్పదు, బయటి నిపుణులు ఒకరైనా పక్కన ఉండాలి. అయినా ఉన్న దారి అదే. అర్జీలో ఏ బూత్ రాయాలో, ఏ నంబరు మెషిన్ రాయాలో అభ్యర్థి తేల్చుకోడానికి మీ 17సీ కాపీలు పనికొస్తాయి, కాబట్టి ఆ రాత్రికే జిరాక్స్ తీయించి ఒకటి అభ్యర్థి ఆఫీసులో ఇచ్చి, ఒకటి ఇంట్లో దాచండి.