పట్టికల్లో పట్టణం – 4వ పాఠం: ముందు హద్దు, తర్వాతే జనాభా

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబు. 1:50,000 స్కేలు మ్యాపులో (అంటే మ్యాపు మీద 1 సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు) 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతం నేల మీద 2 కిలోమీటర్లు, ఒకటిన్నర కిలోమీటర్లు అవుతుంది. అంటే 3 చదరపు కిలోమీటర్లు. మీకు 6 వచ్చిందంటే స్కేలును ఒక్కసారే వాడారన్నమాట. పొడవుకూ వెడల్పుకూ విడివిడిగా వాడాలి.

ఈసారి పెద్ద నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న పట్టణం వివరాలు చదవడం నేర్చుకుందాం. ఎక్కడుంది, విస్తీర్ణం ఎంత, జనాభా ఎంత, జనసాంద్రత ఎంత, పదేళ్లలో ఎంత పెరిగింది... ఏ దేశంలోనైనా ఇంచుమించు ఇవే గడులు. చూపు నేరుగా జనాభా మీదికే పోతుంది. దాన్ని కాసేపు ఆపండి. శివారు పట్టణం విషయంలో మొదట అడగాల్సింది "ఈ అంకె ఏ గీత లోపలిది?" అని.

చుట్టూ పొలాలున్న ఊరికి అంచు ఎక్కడో కంటికే కనిపిస్తుంది. శివారులో అలా ఉండదు. ఇళ్లు నగరం నుంచి ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఎక్కడ నగరం అయిపోయింది, ఎక్కడ పట్టణం మొదలైంది అన్నది బోర్డు చూస్తే తప్ప తెలియదు. కాబట్టి గీత ఎవరో ఒకరు గీయాల్సిందే. గీసేవాళ్లను బట్టి అంకె మారిపోతుంది.

కొన్ని గీతలు చట్టం గీసినవి. మున్సిపాలిటీ హద్దులు ఇలాంటివే. కొన్నింటిని జనగణన శాఖ లెక్క కోసం గీస్తుంది. భారతదేశంలో మున్సిపాలిటీ కాకపోయినా ఒక ఊరిని సెన్సస్ టౌన్‌గా గుర్తించాలంటే మూడు షరతులున్నాయి. కనీసం 5,000 జనాభా ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, ప్రధాన పనివాళ్లయిన (ఏడాదిలో కనీసం ఆరు నెలలు పనిచేసే) మగవాళ్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఇలాంటి ఊళ్లు 2001లో 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి. వీటిలో చాలావాటికి పంచాయతీ పాలనే, పట్టికలో మాత్రం పట్టణాలు. అమెరికాలోనూ సొంత పాలకమండలి లేని శివారు ప్రాంతాలకు జనగణన శాఖ తానే గీత గీసి, ఒక పేరుతో లెక్క చెబుతుంది. డెన్మార్క్ పద్ధతి వేరు. ఇంటికీ ఇంటికీ మధ్య 200 మీటర్లకు మించి ఖాళీ లేకుండా 200 మంది నివసిస్తుంటే దాన్ని ఒక పట్టణ ప్రాంతంగా లెక్కిస్తారు. అక్కడి 200కూ ఇక్కడి 5,000కూ పోలిక పెట్టి ఎవరైనా మాట్లాడితే ఆ వాదన పక్కన పెట్టేయొచ్చు.

గీత కదిలితే ఏమవుతుందో టొరంటోలో చూడండి. 1996 జనగణనలో ఆ నగర జనాభా 6,53,734. 2001లో 24,81,494. ఐదేళ్లలో దాదాపు నాలుగింతలా? కాదు. 1998 జనవరి 1న స్కార్‌బరో, నార్త్ యార్క్, ఈస్ట్ యార్క్ వంటి ఐదు శివారు మున్సిపాలిటీలను అందులో కలిపేశారు. కొత్త హద్దుల ప్రకారం 1996 లెక్కను మళ్లీ వేస్తే 23,85,421 వస్తుంది. అంటే అసలు పెరుగుదల 4 శాతమే. నగరం వైపు నుంచి చూస్తే ఇది ఉబ్బిన అంకె, శివారు పట్టణం వైపు నుంచి చూస్తే పట్టికలో దాని వరుసే మాయమైపోవడం. 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడినప్పుడు ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజ్‌గిరి సహా 12 మున్సిపాలిటీలకు ఇదే జరిగింది. 2011 జనగణనలో వాటిని విడి పట్టణాలుగా వెతికినా దొరకవు. అందుకే రెండు జనగణనలను పోల్చే ముందు రెండు విస్తీర్ణాలనూ పక్కపక్కన రాసుకోండి. అవి సమానంగా లేకపోతే పెరుగుదల శాతం జోలికే వెళ్లకండి, ముందు పాత లెక్కను కొత్త హద్దులకు సరిచేయండి.

విస్తీర్ణంలో ఇంకో చిన్న మెలిక ఉంది. ఊహకు ఒక పట్టణం తీసుకుందాం: 12 చదరపు కిలోమీటర్లు, 18,000 జనాభా. సాంద్రత 1,500. కానీ ఆ 12లో 3 చెరువే అయితే మనుషులు ఉన్నది 9లోనే, సాంద్రత 2,000. అమెరికా పట్టికల్లో నేల, నీరు విడివిడిగా ఇస్తారు. అలా ఇవ్వని చోట మ్యాపు తెరవాల్సిందే.

ఇక పెరుగుదల. అదే పట్టణంలో, అవే హద్దుల్లో, పదేళ్ల కిందట 12,000 మంది ఉన్నారనుకుందాం. 50 శాతం పెరిగింది. ఏడాదికి 5 శాతం అనేస్తే తప్పు, ఎందుకంటే ప్రతి ఏడాదీ పెరుగుదల అంతకుముందు పెరిగిన జనాభా మీద లెక్కకొస్తుంది. సరైన జవాబు సుమారు 4.1 శాతం.

నాకు మాత్రం వీటన్నిటికంటే కుటుంబాల సంఖ్యే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది, దాన్నేమో ఎవరూ పట్టించుకోరు. మన ఊహా పట్టణంలో అప్పుడు 2,400 కుటుంబాలు, ఇప్పుడు 4,500 అనుకోండి. కుటుంబానికి సగటున 5 మంది ఉండేది 4కి తగ్గింది. జనాభా 50 శాతం పెరిగితే కుటుంబాలు 87.5 శాతం పెరిగాయి. ఇళ్లు, కరెంటు మీటర్లు, నల్లా కనెక్షన్లు పెరిగేది ఈ రెండో లెక్కన. "ఊరు రెట్టింపయింది" అని పాతవాళ్లు అంటుంటే, పట్టిక చూపించి అతిశయోక్తి అని కొట్టిపారేయకండి. వాళ్లు లెక్కపెడుతున్నది కొత్త ఇళ్ల కప్పులను. దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన పాత శివారులో ఒక్క ఇల్లూ ఖాళీ కాకుండానే జనాభా తగ్గిపోతుంది.

చివరిగా, జనగణన అంకె చెప్పేది మనిషి ఎక్కడ నివసిస్తాడన్నదే కానీ పగలు ఎక్కడుంటాడన్నది కాదు. పొద్దున్నే నగరానికి పనికి పోయి రాత్రికి తిరిగొచ్చే పట్టణానికి ఈ తేడా చాలా పెద్దది. జపాన్ జనగణనలో పగటి జనాభాను కూడా లెక్కిస్తారు. రాత్రి జనాభాను 100 అనుకుంటే టోక్యోలో పగటిది 115 దాటుతుంది, పక్కనే ఉన్న సైతామాలో 90 కూడా ఉండదు. బస్సులు ఎన్ని కావాలో, మధ్యాహ్నం ఆస్పత్రికి ఎంతమంది వస్తారో చెప్పేది ఈ లెక్కే.

ఈసారి అభ్యాసం: ఒక పట్టణం పాత జనగణనలో 8 చదరపు కిలోమీటర్లు, 10,000 మంది, 2,500 కుటుంబాలు. తర్వాత రెండు ఊళ్లు అందులో కలిశాయి. పాత జనగణనలో ఆ రెండింటిలో కలిపి 5,000 మంది, 1,000 కుటుంబాలు. కొత్త జనగణనలో పట్టణం 14 చదరపు కిలోమీటర్లు, 21,000 మంది, 6,000 కుటుంబాలు. జనాభా, కుటుంబాలు, సాంద్రత – మూడింటి పెరుగుదలనూ ఒకసారి హద్దు మార్పు పట్టించుకోకుండా, ఒకసారి సరిచేసి లెక్కవేయండి. మూడింటిలో ఒకటి మాత్రం మిగతావాటికి భిన్నంగా, సరిచేశాక ఎక్కువవుతుంది. అది ఏది, ఎందుకు? జవాబు 5వ పాఠం మొదట్లో. ఆ పాఠంలో వయసుల పిరమిడ్ గీద్దాం, గళ్ల కాగితం దగ్గర పెట్టుకోండి.