నీటి ఒడ్డున భవనం – 4వ పాఠం: అట్ట కిటికీ, ప్రతిబింబం

గత పాఠంలో నీటి అంచు గీతను కాగితం మీద ఎక్కడ నిలపాలో సాధన చేశాం. ఈసారి ఆస్ట్రియా చిత్రకారుడు గుస్టావ్ క్లిమ్ట్ వేసిన ఒక చిత్రాన్ని ఎదురుగా పెట్టుకొని, ఆ గీతకు పైనున్న భవనాన్నీ కిందనున్న ప్రతిబింబాన్నీ కలిపి చూద్దాం.

ఆస్ట్రియాలోని అట్టర్‌జే సరస్సు ఒడ్డున ఉన్న కమ్మర్ కోటను క్లిమ్ట్ వేసవి విడిదికి వెళ్లిన రోజుల్లో పలుమార్లు చిత్రించారు. వాటిలో మూడవదిగా లెక్కించే 1909–10 నాటి చిత్రం వియన్నాలోని బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది. దాని కొలత 110 × 110 సెంటీమీటర్లు, అంటే చక్కని చదరం. దృశ్యచిత్రం అనగానే కాగితాన్ని అడ్డంగా తిప్పుకోవడం మనకు అలవాటు. చదరంలోనైతే చూపు పక్కలకు జారిపోదు కనుక పసుపు గోడ, ఎర్రటి పైకప్పు, చెట్ల పచ్చదనం, నీరు ఒకదానికొకటి అతికించినట్టు దగ్గరగా నిలుస్తాయి. దూరం చూపించడం చేతకాక అలా వేశారనుకోకండి. వియన్నాలోని బుర్గ్‌థియేటర్ నాటకశాలలో మెట్ల పైకప్పులకు సంప్రదాయ పద్ధతిలో బొమ్మలు వేసిన చెయ్యి అది.

దృశ్యాన్ని ఎంచుకోవడానికి ఆయన అట్టముక్కకు రంధ్రం కోసి అందులోంచి చూసేవారు. మీరూ పాత క్యాలెండర్ అట్టలో 5 సెంటీమీటర్ల చదరం కోసి, ఒక కన్ను మూసి, మీ ఊరి చెరువుకు అవతలి గట్టున ఉన్న కట్టడాన్ని చూడండి. అట్టను కంటికి దూరంగా జరిపేకొద్దీ తక్కువ దృశ్యం పడుతుంది. ఆకాశం దాదాపుగా తప్పుకొని, గోడా నీరూ మాత్రమే మిగిలే చోట చెయ్యి ఆపండి.

ఇక ప్రతిబింబం. భవనం గోడకున్న కిటికీ ప్రతిబింబం ఆ కిటికీకి నిట్టనిలువుగా కిందనే పడుతుంది, పక్కకు వాలదు. నేను మొదట్లో దాన్ని ఎండనీడలా ఏటవాలుగా గీసి, బొమ్మంతా ఒరిగిపోయినట్టు ఎందుకుందో తెలియక వారం రోజులు తికమకపడ్డాను. గోడ సరిగ్గా నీటి అంచున లేచి ఉంటే, కిటికీ ఆ అంచుకు ఎంత పైన ఉందో దాని ప్రతిబింబం అంతే కింద ఉంటుంది. భవనం ఒడ్డుకు కాస్త వెనక్కి ఉంటే మాత్రం లెక్క మారుతుంది: ఒడ్డు అడ్డం రావడంతో గోడ అడుగుభాగం నీటిలో కనిపించదు, పైభాగమే కనిపిస్తుంది. రంగు విషయంలో, లేత గోడ నీటిలో కొంచెం ముదురుగా, ముదురు చెట్టు కొంచెం లేతగా కనబడుతుందని గుర్తుంచుకుంటే చాలు.

ఆకులకు పొట్టి చుక్కలు, నీటికి అడ్డగీతలు వాడండి. కుంచె కదలిక మారితేనే ఒకే పచ్చరంగు పైన చెట్టుగానూ కింద నీరుగానూ విడివడుతుంది.

వచ్చే పాఠానికి ఈ చదరాన్ని పెన్సిల్‌తో, రంగు లేకుండా, మూడుసార్లు గీసి ఉంచండి; మూడింటిలోనూ నీటి అంచు గీతను వేర్వేరు ఎత్తుల్లో పెట్టండి.