సిస్టమ్ త్వరగా ఆన్ కావాలంటే: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ వదిలేయాలి

కంప్యూటర్ ఎంతసేపట్లో ఆన్ అవుతుందంటే చాలామంది డెస్క్‌టాప్ కనిపించేదాకా లెక్కేసి ఊరుకుంటారు. డెస్క్‌టాప్ వచ్చాక బ్రౌజర్ మీద క్లిక్ చేసి, చక్రం తిరుగుతుంటే ఇంకో రెండు నిమిషాలు చూస్తూ కూర్చోవాల్సి వస్తే ఆ లెక్కతో ఏం ప్రయోజనం? పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి రోజూ మీరు మొదట చేసే పని, అది మెయిల్ కావచ్చు, టాలీలో తొలి ఎంట్రీ కావచ్చు, చేతికందేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మూడు సమయాలు రాసుకోండి: విండోస్ చుక్కలు తిరగడం మొదలైనప్పుడు, పాస్‌వర్డ్ అడిగినప్పుడు, పని మొదలైనప్పుడు. జబ్బు ఎక్కడుందో ఈ మూడే చెబుతాయి.

కొలిచేటప్పుడు ఒక మెలిక ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ మూలభాగం, డ్రైవర్ల (ప్రింటర్, వైఫై లాంటి భాగాలను నడిపే ప్రోగ్రాముల) స్థితి డిస్క్‌లోని హైబర్నేషన్ ఫైల్‌లోకి చేరుతుంది. మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది. అందుకే రెండూ విడివిడిగా కొలవాలి. అనుమానముంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద ‘అప్ టైమ్’ చూడండి. రోజూ షట్‌డౌన్ చేసే సిస్టమ్‌లోనూ అక్కడ వారాల లెక్క కనిపించడం మామూలే.

ఇక అసలు ప్రశ్న. రోజుకు ఒక్కసారి ఆన్ చేసేవాళ్లకు 25 సెకన్లను 10కి తగ్గిస్తే ఏడాదికి మిగిలేది గంటన్నర. దానికోసం డబ్బు ఖర్చుపెట్టడం దండగ. రెండున్నర నిమిషాలు అర నిమిషానికి తగ్గితే మాత్రం ఏడాదికి 12 గంటలు మిగులుతాయి. పైగా అంతసేపు తీసుకునే సిస్టమ్ ఆన్ అయ్యాక కూడా ప్రతి క్లిక్‌కీ నత్తనడకే నడుస్తుంది. ముప్పై సెకన్లలోపు పని మొదలవుతుంటే ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. కరెంటు పోయి వచ్చే ఊళ్లో నెట్ సెంటర్, మీసేవ కౌంటర్ నడిపేవాళ్ల లెక్క వేరు: కరెంటు పోయిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది, ఎదురుగా జనం నిలబడి ఉంటారు. అలాంటిచోట చిన్న యూపీఎస్ చేసే మేలు ఏ సెట్టింగూ చేయదు.

మొదటి సమయం, అంటే చుక్కలు రాకముందే ఎక్కువసేపు పడుతుంటే తప్పు విండోస్‌ది కాదు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ పేజీ పైన కుడివైపు ‘లాస్ట్ బయోస్ టైమ్’ ఉంటుంది (కొన్ని పాత మదర్‌బోర్డుల్లో కనిపించదు). బయోస్ అంటే విండోస్‌కంటే ముందు లేచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం. పది సెకన్లలోపు ఉంటే వదిలేయండి. ఇరవై, ముప్పై దాటితే ముందు పెన్‌డ్రైవులు, ఎక్స్‌టర్నల్ డిస్కులు అన్నీ పీకేసి మళ్లీ చూడండి. తేడా రాకపోతే బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో (సిస్టమ్ దేని నుంచి ముందు లేవాలో చెప్పే వరుసలో) నెట్‌వర్క్ బూట్ పైన ఉందేమో చూసి కిందికి దించండి. పాత డెస్క్‌టాప్ ప్రతిసారీ ఎఫ్1 నొక్కమని ఆగిపోతూ, తేదీ కూడా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. ప్లగ్ తీసి, బిళ్ల మార్చి, బయోస్‌లో తేదీ సరిచేస్తే చాలు.

రెండో సమయం, అంటే చుక్కల నుంచి పాస్‌వర్డ్ దాకా, ఎక్కువుంటే దాదాపు ఎప్పుడూ కారణం హార్డ్‌డిస్కే. బూట్‌లో విండోస్ చదివేది ఒక పెద్ద ఫైల్ మాత్రమే కాదు, డిస్క్ నిండా చెదిరివున్న వేల చిన్న ముక్కలు కూడా. నిమిషానికి 5400 సార్లు తిరిగే ల్యాప్‌టాప్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది. రీడింగ్ హెడ్ ముక్క ముక్కకీ జరగాలి కాబట్టి, సెకనుకు వంద ముక్కలు చదవడమే గగనం. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లతో చేసిన ఎస్‌ఎస్‌డీ వేల సంఖ్యలో చదివేస్తుంది. చవకరకం సాటా (హార్డ్‌డిస్కులు వాడే కనెక్షనే) ఎస్‌ఎస్‌డీ పెట్టినా సిస్టమ్ కొత్తదానిలా అనిపించేది ఇందుకే. సాటా తీసి ఇంకా వేగమైన, ఖరీదైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ పెడితే బూట్‌లో తగ్గేది మహా అయితే కొద్ది సెకన్లు. పెట్టె మీద రాసిన వేగం పెద్ద ఫైళ్ల కాపీకి సంబంధించింది.

మార్చే పద్ధతి ఇదీ:

1. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్‌లో ‘డిస్క్ 0’ హెచ్‌డీడీ అని ఉందో ఎస్‌ఎస్‌డీ అని ఉందో చూడండి. హెచ్‌డీడీ అయితే ల్యాప్‌టాప్‌కు రెండున్నర అంగుళాల, 7 మిల్లీమీటర్ల మందం ఉన్న సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. ఎం.2 స్లాట్ (చిన్న పలకలాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉంటే అది సాటాదో, ఎన్‌వీఎంఈదో మాన్యువల్‌లో చూశాకే కొనండి. సాటా మాత్రమే పలికే స్లాట్ ఎన్‌వీఎంఈని గుర్తించదు. 256 జీబీ కనీసం, 500 అయితే నిశ్చింత.

2. డిస్క్ టకటకమంటున్నా, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో ‘కాషన్’ అని పసుపు చూపిస్తున్నా క్లోనింగ్ (డిస్క్‌ను ఉన్నదున్నట్టు నకలు తీయడం) జోలికి పోకండి. ముందు ఫొటోలు, పత్రాలు వేరేచోటికి కాపీ చేసి, ఎస్‌ఎస్‌డీలో విండోస్ కొత్తగా వేసుకోండి.

3. విండోస్ 11లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే ఏర్పాటు) మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. దాన్ని ఆపండి, లేదా రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఇది మర్చిపోతే డేటా మీదే అయినా లోపలికి దారి ఉండదు.

4. యూఎస్‌బీ–సాటా కేబుల్‌తో ఎస్‌ఎస్‌డీ తగిలించి, దాని కంపెనీ ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో క్లోన్ చేయండి. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాధనం కూడా మంచిదే కానీ, మామూలు పద్ధతిలో 1 టీబీ డిస్క్‌ను 500 జీబీలోకి ఎక్కించనంటుంది, లోపల వంద జీబీయే ఉన్నా సరే.

5. మొదటి బూట్‌కు పాత డిస్క్ తీసేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచండి. బయోస్‌లో డిస్క్ నడిచే తీరును చెప్పే ఏహెచ్‌సీఐ, రెయిడ్ మోడ్ మార్చకండి. మారిస్తే బూట్ డివైస్ దొరకలేదంటూ నీలి తెర వస్తుంది. పాత మోడ్‌కు తిప్పితే పోతుంది. రెండు వారాలపాటు పాత డిస్క్‌ను చెరపకుండా దాచండి.

మూడో సమయం, లాగిన్ తర్వాతది, పైసా ఖర్చు లేకుండా తగ్గుతుంది. స్టార్టప్ యాప్స్‌లో ‘హై ఇంపాక్ట్’ అంటే బూట్‌లో ఒక సెకను మించి ప్రాసెసర్‌నో, 3 ఎంబీ మించి డిస్క్‌నో వాడుకున్నవని. టీమ్స్, స్పాటిఫై, గేమ్ లాంచర్లు, ప్రింటర్ సహాయకాలు, రకరకాల అప్‌డేటర్లు నిరభ్యంతరంగా డిజేబుల్ చేయొచ్చు, కావాల్సినప్పుడు తెరుచుకుంటాయి. విండోస్ సెక్యూరిటీ, టచ్‌ప్యాడ్, సౌండ్, మీరు తెలుగు టైప్ చేసే కీబోర్డు సాధనం ముట్టుకోవద్దు. వన్‌డ్రైవ్ ఆపేముందు డెస్క్‌టాప్ ఫైళ్లు అందులోకి బ్యాకప్ అవుతున్నాయేమో చూసుకోండి, ఆపిన రోజు నుంచి అదీ ఆగిపోతుంది. ఇవన్నీ చేశాక కూడా లాగిన్ అవగానే మెమరీ 85 శాతం దాటుతుంటే 4 జీబీ ర్యామ్‌ను 8 చేయడమే దారి.

ప్రీఫెచ్ ఫోల్డర్ (ప్రోగ్రాములు త్వరగా తెరిచేందుకు విండోస్ గుర్తులు రాసుకునే చోటు) ఖాళీ చేయమనీ, ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల సాధనంలో ప్రాసెసర్ల సంఖ్య పెంచమనీ చెప్పే వీడియోలను నమ్మకండి. మొదటిది చేస్తే తర్వాతి బూట్ నెమ్మదిస్తుంది. రెండోదాంట్లో ఏమీ ఎంచకపోయినా విండోస్ అన్ని కోర్లూ వాడుకుంటుంది.

అసలు బూట్ చేయాల్సిన అవసరమే తప్పించుకోవడం ఇంకా తేలిక. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్నంతసేపూ మూత వేసి స్లీప్‌లో పెట్టండి. బ్యాగులో పెట్టి బస్సెక్కుతుంటే మాత్రం హైబర్నేట్ (తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి పూర్తిగా ఆఫ్ కావడం) మంచిది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లో ఉండగానే మధ్యలో లేచి బ్యాగులో వేడెక్కి, బ్యాటరీ తాగేస్తాయి. హైబర్నేట్ మెనూలో కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ అనే చోట టిక్ పెట్టాలి. డెస్క్‌టాప్‌లో స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే తెరిచిన పనంతా పోతుంది కాబట్టి, అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లో ‘హైబ్రిడ్ స్లీప్’ ఉంటే ఆన్ చేయండి. అది మెమరీతోపాటు డిస్క్‌లోనూ ఒక ప్రతి దాస్తుంది.

ఎలా వాడినా వారానికోసారి షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. ప్రింటర్ పలకడం లేదు, వైఫై కనిపించడం లేదు లాంటి సమస్య షట్‌డౌన్ చేసినా పోకుండా రీస్టార్ట్‌తో పోతోందంటే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి. పైన చెప్పిన పవర్ బటన్ల పేజీలోనే, ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్‌లీ అనవైలబుల్’ నొక్కితే ఆ టిక్ తీయడానికి వీలవుతుంది. అదే సిస్టమ్‌లో లినక్స్ కూడా వాడేవాళ్లు దీన్ని ఆపి తీరాలి: అది ఆన్‌లో ఉన్నంతకాలం విండోస్ డ్రైవ్ సగం తెరిచిన స్థితిలోనే ఉంటుంది, లినక్స్ దాన్ని చదవనిస్తుందే తప్ప రాయనివ్వదు.