ఘాట్ ఎక్కితే జారే క్లచ్, దిగితే తన్నే వెనక చక్రం: స్లిప్పర్ క్లచ్ ముందే అరిగితే ఎక్కడ చూడాలి

స్లిప్పర్ క్లచ్ బండితో తిరుపతిలో షెడ్డుకొచ్చేవాళ్లు ఎక్కువగా రెండు మాటల్లో ఒకటి చెప్తారు. ఒకటి: "అన్నా, కొండెక్కేటప్పుడు ఇంజన్ అరిచేదే గానీ బండి లాగేదే లేదు." రెండోది: "దిగేటప్పుడు గేరు తగ్గిస్తే వెనక చక్రం తన్నతా ఉంది." చాలా చోట్ల రెండింటికీ ఒకటే వైద్యం చేస్తారు. క్లచ్ ప్లేట్ల సెట్టు మార్చి పంపేస్తారు. కొన్ని నెలలకే బండి మళ్లీ అదే షెడ్డు ముందు నిలబడుతుంది. మామూలు క్లచ్‌కు సరిపోయే ఆ వైద్యం దీనికి ఎందుకు చాలదో తెలియాలంటే, లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

ఆర్15 వీ3, కేటీఎం 390 డ్యూక్, డోమినార్ 400, ఇంటర్‌సెప్టర్ 650 లాంటి బండ్లలో ఉన్నది 'అసిస్ట్ అండ్ స్లిప్పర్' రకం. మధ్యలో ఉండే హబ్‌కూ, దాని మీద కూర్చునే ప్రెజర్ ప్లేటుకూ ఏటవాలు ముఖాలు ఉంటాయి. వీటినే ర్యాంపులంటారు. ఇంజన్ చక్రాన్ని తోస్తున్నప్పుడు ఒకవైపు ర్యాంపులు ప్రెజర్ ప్లేటును లోపలికి లాగి ప్లేట్లను ఇంకా గట్టిగా బిగిస్తాయి. ఆ సాయం ఉంది కాబట్టే ఈ క్లచ్‌లో స్ప్రింగులు మెత్తగా ఉంటాయి, లివర్ రెండు వేళ్లకే వంగుతుంది. చక్రమే ఇంజన్‌ను తిప్పే పరిస్థితి వస్తే, అంటే వేగంలో ఉండగా గేరు దించితే, రెండో వైపు ర్యాంపులు ప్రెజర్ ప్లేటును కొద్దిగా బయటికి నెడతాయి. క్లచ్ కాస్త జారుతుంది, వెనక చక్రం పట్టేయకుండా ఉంటుంది.

అంటే ఎక్కే దారి ఒక ముఖాన్ని పరీక్షిస్తుంది, దిగే దారి ఇంకో ముఖాన్ని. తిరుపతివాళ్లకు ఈ రెండు పరీక్షలూ విడివిడిగా దొరుకుతాయి. 1974లో వేసిన తిరుమల రెండో ఘాట్‌లో ఎక్కుతాం, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగుతాం. జబ్బు ఏ దారిలో బయటపడిందో గుర్తుపెట్టుకుని వస్తే సగం రోగ నిర్ధారణ అయినట్టే. చిత్తూరు వైపువాళ్లకు మొగిలి ఘాట్, మదనపల్లె వెళ్లేవాళ్లకు భాకరాపేట ఘాట్ అదే పని చేస్తాయి.

ఎక్కేటప్పుడు రేసు పెరుగుతుంది, వేగం పెరగదు

ముందు క్లచ్చే జారుతోందని ఖాయం చేసుకోండి. ఖాళీగా ఉన్న హైవే మీద నాలుగో గేరులోనో ఐదో గేరులోనో మధ్యస్థం రేసులో పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తిప్పండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, స్పీడోమీటర్ ముల్లు వెనకబడితే క్లచ్ జారుతోంది. రెండూ కలిసి నిదానంగా పెరుగుతుంటే క్లచ్‌ది తప్పు కాదు. ఎయిర్ ఫిల్టర్, ఇంధనం, చైన్ స్ప్రాకెట్ చూసుకోండి. బ్రేకు పట్టుకుని, గేరులో పెట్టి, క్లచ్ వదిలి చూసే పరీక్ష మాత్రం వద్దు. బాగున్న ప్లేట్లు కూడా దాంతో కాలిపోతాయి.

జారుతోందని తేలితే మొదట చేయాల్సింది క్లచ్ కేబుల్ చూడటం. లివర్ చివర ఫ్రీ ప్లే, అంటే క్లచ్ కదలకముందు లివర్ ఊరికే ఆడే దూరం, ఎంత ఉంది? చాలా బండ్లకు సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది కానీ మీ బండి మాన్యువల్‌లో ఉన్న కొలతే ప్రమాణం. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ ఫ్రీ ప్లే తగ్గుతూ వస్తుంది. ఎవరూ సరిచేయకపోతే ఒకరోజు సున్నాకు చేరుతుంది. అప్పటినుంచి మీరు లివర్ ముట్టుకోకపోయినా బండి ఎప్పుడూ హాఫ్ క్లచ్‌లోనే నడుస్తుంటుంది. హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి కూడా చూడండి. కేబుల్ ఎక్కడైనా బిగిసే దారిలో పోయి ఉంటే ఒకవైపు తిప్పినప్పుడే ఫ్రీ ప్లే మాయమవుతుంది.

తర్వాత ఆయిల్. డబ్బా మీద జాసో (బండ్ల ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉన్నది స్కూటర్లకు. కారు ఆయిళ్లలో 'ఎనర్జీ కన్సర్వింగ్' రకాల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఇంజన్‌కు అవి మేలే, ఇలా ఇంజన్ ఆయిల్‌లోనే తిరిగే తడి క్లచ్‌కు మాత్రం శత్రువులు. మెత్తటి స్ప్రింగులున్న ఈ క్లచ్‌లో ఆ తేడా ఇంకా త్వరగా కనిపిస్తుంది. తప్పు ఆయిల్ పోసిన వెంటనే జారడం మొదలైతే ఆయిల్, ఫిల్టర్ మార్చి కొంతదూరం నడిపి చూడండి. ప్లేట్లు కాలకముందే పట్టుకుంటే చాలాసార్లు క్లచ్ తేరుకుంటుంది.

మూడోది చెయ్యి. ముందే అరిగిన క్లచ్‌లలో ఎక్కువ వాటికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. లివర్ తేలిక కావడంతో వేళ్లు దాని మీదే ఉండిపోతాయి. మామూలు క్లచ్ అయితే చెయ్యి నొప్పి పుట్టి హెచ్చరిస్తుంది, దీనికి ఆ హెచ్చరిక లేదు. అలిపిరి చెక్‌పోస్టు దగ్గర బండ్ల వరసలో పాకుతూ, తర్వాత వెనక మనిషి, లగేజీ పెట్టుకుని బస్సు వెనక రెండో గేరులో హాఫ్ క్లచ్ పట్టుకుని ఎక్కేవాళ్లను రోజూ చూస్తాం. ఎండాకాలం ఒక్క ప్రయాణమే ప్లేట్లను గాజులా మెరిసేలా కాల్చేయగలదు. వరసలో ఆగినప్పుడు న్యూట్రల్ చేయండి. బస్సు వెనక పడితే మొదటి గేరుకు దిగి క్లచ్ పూర్తిగా వదిలి నడపండి.

ఈ మూడూ సరిగానే ఉండి ఇంకా జారుతుంటే కవర్ విప్పాల్సిందే. ఫ్రిక్షన్ ప్లేట్ల (రాపిడి పూత ఉన్నవి) మందం వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. వాటి మధ్య ఉండే స్టీల్ ప్లేటును అద్దం మీద పరిచి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడండి. వంపు పరిమితి చాలా బండ్లకు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్యలోనే ఉంటుంది. నీలం రంగు తిరిగిన స్టీల్ ప్లేట్లు వేడికి గురైనవి, వాటిని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయకండి. స్ప్రింగుల పొడవు కూడా కొలవండి.

ఇక్కడితో ఆగిపోవడమే మొదట చెప్పిన పొరపాటు. హబ్, ప్రెజర్ ప్లేటు చేతిలోకి తీసుకుని ర్యాంపుల మీద గోరు జరపండి. నునుపుగా మెరుస్తుంటే పరవాలేదు. గోరు మెట్టులా తగిలినా, గుంటలు పడినా, లోహం చీరుకున్నట్టున్నా ఆ ముఖం సరిగ్గా లాగదు. లాగే సాయం పోతే మెత్తటి స్ప్రింగులే మిగులుతాయి. కొత్త ప్లేట్లు వేసినా ఎక్కేటప్పుడు జారి మళ్లీ అరుగుతాయి. మార్చాల్సి వస్తే హబ్, ప్రెజర్ ప్లేటు జతగా మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే ముఖాలు సమంగా ఆనవు.

జారుడు ఆపడానికి గట్టి స్ప్రింగులు వేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. జారడం ఆగుతుంది నిజమే. కానీ దిగేటప్పుడు ప్రెజర్ ప్లేటు లేవడం కష్టమై స్లిప్పర్ గుణమే తగ్గిపోతుంది. ఆ గుణం కోసమే కదా డబ్బు పెట్టి ఆ బండి కొన్నది.

దిగేటప్పుడు వెనక చక్రం తంతుంది

గేరు దించి క్లచ్ వదలగానే లివర్‌లో చిన్న అదురు తెలియడం చాలా బండ్లలో మామూలే. ప్రెజర్ ప్లేటు లేస్తోందని దానర్థం. దానికోసం ఇంజన్ విప్పకండి.

చక్రం ఎగిరెగిరి పడుతుంటేనే అనుమానించాలి. స్లిప్పర్ వైపు ర్యాంపులు గరుకెక్కి ప్రెజర్ ప్లేటు ఇరుక్కుంటుండవచ్చు. లేదా ఎవరో గట్టి స్ప్రింగులు వేసి ఉండవచ్చు. లేదా బిగించినప్పుడు ర్యాంపులు సరిగ్గా కూర్చోక ప్లేటు పక్కకు నిలబడి ఉండవచ్చు. ఈ మూడోది అన్నిటికంటే ప్రమాదం, కొద్ది దూరంలోనే క్లచ్ కాలిపోతుంది. ప్లేటును చేత్తో కొద్దిగా అటూ ఇటూ తిప్పి, పూర్తిగా లోపలికి దిగిందని చూశాకే బోల్టులు ముట్టుకోవాలి. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచితో బిగించాలి. అవి చిన్న బోల్టులు, కూర్చునేది అల్యూమినియంలో. బలం చూపిస్తే మరలు పోతాయి.

నడిపే తీరు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ప్రతి మలుపు ముందూ నాలుగు నుంచి రెండుకు ఒక్కసారిగా దించి క్లచ్ వదిలేస్తే, స్లిప్పర్ మిమ్మల్ని కాపాడుతుంది కానీ ఆ జారుడు ఖర్చంతా ప్లేట్లే భరిస్తాయి. ముందు బ్రేకుతో వేగం తగ్గించి, తర్వాత ఒక్కో గేరు దించండి. ఆ గేరులోనే నిలకడగా ఇంజన్ బ్రేకింగ్‌తో దిగడం క్లచ్‌కు హాని కాదు. క్లచ్ నొక్కి పట్టుకుని దిగడం మాత్రం వద్దే వద్దు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

న్యూట్రల్ పడదు, కదిలేటప్పుడు వణుకుతుంది

న్యూట్రల్ పడకపోతే ఫ్రీ ప్లే మరీ ఎక్కువుందేమో చూడండి. తర్వాత వంగిన స్టీల్ ప్లేట్లు, బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే బయటి గిన్నె) గాడుల్లో ప్లేట్ల చెవులు కొట్టిన గాట్లు. పైపైన ఉంటే సన్న ఆకురాయితో సాపు చేయవచ్చు, లోతుగా ఉంటే బాస్కెట్ మార్చాలి. కదిలేటప్పుడు వణుకుంటే కాలిన ప్లేట్లనో, తిరగేసి వేసిన జడ్డర్ స్ప్రింగునో (వణుకు ఆపే గిన్నెలాంటి రింగు) అనుమానించండి. దాని గిన్నె వంపు ఏ వైపుండాలో మాన్యువల్ బొమ్మలో ఉంటుంది. విప్పేటప్పుడే ఫోన్‌తో ఫొటో తీసుకుంటే వెతుక్కునే పని తప్పుతుంది. ఆఖరి ఫ్రిక్షన్ ప్లేటు కొన్ని బండ్లలో పక్క గాడిలో కూర్చుంటుంది, అదీ ఫొటోలో చూసుకోవచ్చు.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించేముందు అదే ఇంజన్ ఆయిల్‌లో బాగా నానబెట్టండి. పొడిగా వేస్తే మొదటి స్టార్టుకే కాలే ప్రమాదముంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఘాట్ వద్దు, వెనక బరువు వద్దు. ఆ తర్వాత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్రీ ప్లే మరోసారి సరిచేయించుకోండి.